వేసవి సెలవుల్లో మన చిన్న పిల్లలు: ఆట, చదువు, కాపలా



ఏప్రిల్ నెలాఖరుకు బడులు మూస్తారు. మళ్ళీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. దాదాపు ఏడు వారాల సెలవులు. ఈ రోజుల్లో ధరూర్ మండలం ఊళ్ళ నుంచి మన ఆసుపత్రికి వచ్చే తల్లులు ఓ.పి. వరండాలో కూర్చుని చెప్పే మాట ఒకటే: “బడి ఉంటేనే నయం సిస్టరమ్మా, సెలవులొస్తే ఈళ్ళతోని ఏగలేం.” ఆ మాట విని మేము నవ్వుతాము. కానీ ఆ మాట వెనుక ఉన్న కష్టం నవ్వదగినది కాదు. తల్లి తెల్లవారక ముందే పనికి పోవాలి. తండ్రి పూణే, ముంబై వైపు వలస పోయి ఉంటాడు. ఇంట్లో ఉండేది అవ్వ, తాత. పిల్లలేమో ఒక్కచోట నిలవరు.

పిల్లలకు ఏ ఆటలు ఆడించాలి, ఏమి నేర్పించాలి అన్నది ఈ వ్యాసం. అయితే ఆటల గురించి చెప్పే ముందు, మేము ఈ విషయం ఎందుకు పట్టుకున్నామో చెప్పాలి.

మేము మరచిపోలేని మధ్యాహ్నం

కొన్నేళ్ళ క్రితం మే నెలలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం, నాలుగేళ్ళ బాబును మోటారు సైకిల్ మీద తెచ్చారు. బట్టలు తడిసి ఉన్నాయి. ఇంటి వెనుక మట్టి కోసం తవ్విన గుంతలో నీళ్ళు నిలిచాయి. అందులో పడ్డాడు. బయటకు తీసినవాళ్ళు తెలియక, కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పారు, పొట్ట నొక్కారు. విలువైన సమయం అక్కడే పోయింది. మేము చాలాసేపు ప్రయత్నించాము. బాబు మాకు దక్కలేదు.

ఆ బాబు అవ్వ వార్డు గుమ్మంలో కూర్చుని ఒకే మాట పదే పదే అన్నది: “ఇప్పుడే, ఈడ్నే ఆడుతుండె.” ఆమె అబద్ధం చెప్పలేదు. రొట్టెలు చేయడానికి పొయ్యి దగ్గర కూర్చున్నది. ఆ కాస్తలోనే జరిగిపోయింది. ఆమెను ఎవరూ తప్పు పట్టకూడదు. ఒంటరిగా ఒక ముసలమ్మ పొయ్యినీ, పశువునీ, ముగ్గురు పిల్లలనూ ఒకేసారి చూడలేదు.

ఆ రోజు నుంచి పిల్లల ఓ.పి.లో, టీకాల రోజున, మేము ప్రతి తల్లినీ ఒక ప్రశ్న అడుగుతున్నాము: “అమ్మా, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా నీ బిడ్డ మీద ఎవరి కన్ను ఉంటుంది?” చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు.

నీళ్ళు వచ్చిన ఊళ్ళు

మన పాలమూరు వైపు పెద్దలు నీళ్ళు లేక పడిన బాధలు మనకు తెలుసు. 1995లో జూరాల ప్రాజెక్టు మొదలైంది. ధరూర్ మండలంలోని రేవులపల్లి దగ్గరే కృష్ణమ్మకు కట్ట పడింది. తరువాత నెట్టెంపాడు ఎత్తిపోతల పథకం, గుడ్డెందొడ్డి జలాశయం, కాలువలు వచ్చాయి. పొలాలు పచ్చబడ్డాయి. ఇది సంతోషించవలసిన సంగతి. కానీ పిల్లల వైపు నుంచి చూస్తే, ఇంటికి దగ్గరలో నీళ్ళు ఉన్న చోట్లు పెరిగాయి. వేసవిలో కాలువ పారకపోయినా అడుగు గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి. ఎండకు పిల్లలకు ముందు గుర్తొచ్చేది ఆ నీళ్ళే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారు. వారిలో నాలుగో వంతు మంది అయిదేళ్ళలోపు పిల్లలు. పసిపిల్లకు చెరువే అవసరం లేదు, సగం నిండిన బకెట్టు చాలు.

బంగ్లాదేశ్ తల్లులు చేసిన పని

బంగ్లాదేశ్‌లో ఇల్లిల్లూ చెరువు పక్కనే ఉంటుంది. అక్కడి వైద్యులు గమనించినది ఏమంటే, చిన్న పిల్లలు ఎక్కువగా మునిగేది పొద్దున వేళ, తల్లి ఇంటి పనిలో ఉన్నప్పుడు. అందుకని ఊరిలోనే ఒక ఇంట్లో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు, వారానికి ఆరు రోజులు, 1 నుంచి 5 ఏళ్ళ పిల్లలను కూర్చోబెట్టి ఆడించే ఏర్పాటు చేశారు. ఆ ఊరి స్త్రీనే ఒకరిని పెట్టి, ఆమెకు తోడుగా ఇంకొకరిని ఇచ్చారు. పాటలు, కథలు, బొమ్మలు, చేతులు కడుక్కోవడం, ఇవే అక్కడి చదువు. అలా వచ్చిన పిల్లల్లో నీళ్ళలో మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గిందని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఆ కేంద్రానికి వారు పెట్టిన పేరు ‘ఆంచల్’. అంటే చీర కొంగు. గద్వాల చీర కొంగు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. నూలు చీరకు పట్టు కొంగు నేసే ఊరు మనది. పిల్లవాడికి తల్లి కొంగు అందని నాలుగు గంటల్లో ఇంకొక తల్లి కొంగు అందేటట్లు చేయడం, ఇంతే ఆ పథకం. దీనికి మందులు, యంత్రాలు అక్కర లేదు.

మన సంఘాల్లో జరిగే వి.బి.ఎస్. కూడా ఇలాగే పుట్టింది. 1898లో న్యూయార్క్ నగరం తూర్పు వైపు పేటలో, వేసవిలో వీధుల్లో తిరిగే పిల్లలను చూసి, ఒక డాక్టరు గారి భార్య శ్రీమతి హాజ్ బీరు అమ్మే హాలును అద్దెకు తీసుకుని పిల్లలకు పాటలు, కథలు, చేతిపనులు నేర్పించారు. 1901లో రాబర్ట్ బోవిల్ అనే పాస్టరు గారు దానిని పెద్ద ఎత్తున సాగించారు. నేడు మన పిల్లలు ఎదురుచూసే వి.బి.ఎస్. అక్కడి నుంచి వచ్చినదే. అయితే మన వి.బి.ఎస్. పది రోజులే. మిగిలిన నలభై రోజుల సంగతి మనమే చూసుకోవాలి.

మేము చేసిన పొరపాటు

ఒక ఏడు మేమే ఆసుపత్రి ఆవరణలో చిన్న పిల్లలకు వేసవి తరగతి పెట్టాము. పలకలు తెచ్చాము, చాపలు పరిచాము, అ ఆ లు, ఏ బి సి డి లు మొదలుపెట్టాము. మొదటి రోజు ఇరవై మంది వచ్చారు. నాలుగో రోజు అయిదుగురు. ఒక పిల్లను “ఎందుకు రాలేదే?” అని అడిగితే, “అది బడే కదా సిస్టరమ్మా” అన్నది. ఆ పిల్ల చెప్పింది నిజం. సెలవుల్లో మళ్ళీ బడి ఎవరికి కావాలి? పలకలు తీసి పక్కన పెట్టాము. మట్టి, గింజలు, నీళ్ళ చెంబులు, పాత చీరలు తెచ్చాము. పోయిన పిల్లలు తిరిగి వచ్చారు. తరువాత చూస్తే, లెక్కలూ మాటలూ ఆటలోనే ఎక్కువ వచ్చాయి.

అయిదిళ్ళ కూటం: ఎలా పెట్టుకోవాలి?

1. ఒకే వీధిలో అయిదు ఇళ్ళవాళ్ళు కలవండి. ఎనిమిది, పది మంది పిల్లలు అవుతారు. అంతకు మించితే రెండు కూటాలు చేయండి.

2. చోటు చల్లగా ఉండాలి. వేపచెట్టు నీడ, గుడి అరుగు, చర్చి వరండా, ఎవరింటి వసారా అయినా సరే. దగ్గరలో మూత లేని బావి, సంపు, గుంత, కరెంటు మోటారు ఉండకూడదు.

3. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఒకరు ఆడిస్తే ఒకరు చూడాలి. అవ్వలు కథలు బాగా చెబుతారు, కానీ పరుగెత్తలేరు. కాబట్టి అవ్వకు తోడు ఒక వయసు తల్లి, లేక పెద్ద చదువుల సెలవుల్లో ఉన్న ఆడపిల్ల ఉండాలి. పదేళ్ళ అక్కకు పసివాణ్ణి అప్పగించి పోవద్దు. ఆమె కూడా పిల్లే.

4. తల్లులు వంతులు వేసుకోండి. వంతు వచ్చిన తల్లికి ఆ రోజు కూలి పోతుంది. మిగిలినవాళ్ళు తలా కొంత వేసి ఇవ్వడం న్యాయం. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే, పని చోటికి ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు లేక అంతకన్న ఎక్కువ వస్తే, వారిని చూడడానికి ఒక స్త్రీని పెట్టాలని రాశారు. పిల్లలను చూడడం కూడా పనే అని ప్రభుత్వమే ఒప్పుకున్న మాట అది.

5. అరగంటకొకసారి తలలు లెక్క పెట్టండి. దీనినే ఆటగా చేయండి. “ఒకటి, రెండు” అని పిల్లలే వరుసగా అరవాలి. పిల్లలకు అంకెలు వస్తాయి, పెద్దలకు లెక్క వస్తుంది.

రోజు ఎలా గడపాలి?

పొద్దున 6:30 నుంచి 8:30 వరకు: బయట పరుగులు, దాగుడుమూతలు, తొక్కుడు బిళ్ళ. ఎండ ఎక్కక ముందే ఒళ్ళు అలిసే ఆటలు అయిపోవాలి.

8:30 నుంచి 9:30 వరకు: చేతులు సబ్బుతో కడిగి తిండి. జొన్న రొట్టె, పప్పు, లేదా అంబలి, మజ్జిగ.

9:30 నుంచి 1 గంట వరకు: నీడలో కూర్చుని ఆడే ఆటలు, చేతిపనులు, పాటలు, కథలు. ఇదే అసలైన కాపలా సమయం.

1 నుంచి 4 వరకు: అన్నం, నిద్ర. పడుకునే చోట చాప దులిపి వేయండి. రాళ్ళ గుట్టలు, కట్టెల మోపులు పక్కన ఉంటే తేళ్ళు వస్తాయి. ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా పిల్లలు ఎండలోకి పోకూడదు.

5 నుంచి చీకటి పడేవరకు: మళ్ళీ బయట ఆటలు, మొక్కలకు నీళ్ళు.

మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తంలో కనీసం 3 గంటలు ఒళ్ళు కదిలించి ఆడాలని, 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలని, ఫోను, టీవీ గంటకు మించి చూడరాదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏడాదిలోపు పసికందుకు ఫోను అసలే చూపవద్దు. పిల్ల ఏడిస్తే ఫోను ఇవ్వడం మాకూ తెలుసు, వార్డులో రోజూ చూస్తున్నాము. అన్నం తినిపించడానికి మాత్రం ఫోను అలవాటు చేయకండి.

ఏ వయసుకు ఏ ఆట?

ఏడాది నుంచి మూడేళ్ళు: గిన్నెలు, గరిటెలు, మూతలు ఇవ్వండి. ఏ మూత ఏ గిన్నెకు పడుతుందో వాళ్ళే వెతుక్కుంటారు. పాత చీర వెనుక దాక్కుని కనిపించడం, చప్పట్లు కొట్టి పాట పాడడం, పేరు చెబితే ముక్కు, చెవి చూపించడం. ఈ వయసు వారికి చింతగింజలు, గోలీలు, శనగలు, వేరుశనగ పలుకులు ఇవ్వవద్దు. ప్రతి వేసవిలో ముక్కులో గింజ పెట్టుకుని వచ్చే పిల్లలను మేము చూస్తాము. గింజ ముక్కులో ఉంటే ఇంట్లో పిన్నీసుతో తీయబోకండి, లోపలికి పోతుంది. గొంతులో పడితే ప్రాణానికే ప్రమాదం.

మూడు నుంచి అయిదేళ్ళు: తడి మట్టితో రొట్టెలు, ఎద్దులు, బండ్లు చేయించండి. వేళ్ళకు బలం వచ్చి రేపు బలపం పట్టడం తేలికవుతుంది. ఆకులు ఏరించి చిన్నవి, పెద్దవి, నున్ననివి, గరుకైనవి వేరు చేయించండి. చెంబుతో, గ్లాసుతో నీళ్ళు కొలిపించండి. బిందెకు ఎన్ని చెంబులు పడతాయో ముందు చెప్పమనండి, తరువాత పోసి చూపండి. పక్కన పెద్దవాళ్ళు కూర్చుంటేనే నీళ్ళ ఆట. అయిపోగానే బిందె, బకెట్టు వంచేయాలి.

ఆరు నుంచి ఎనిమిదేళ్ళు: ఓనగుంటలు, అష్టాచెమ్మ, పులి మేక, కచ్చకాయలు. ఓనగుంటల్లో గింజలు పంచేటప్పుడు పిల్లకు తెలియకుండానే కూడికలు, తీసివేతలు వస్తాయి. ఓడిపోయి ఊరుకోవడం కూడా వస్తుంది. అది పెద్దయ్యాక చాలా అవసరం.

వారానికొక విషయం

మొదటి వారం, నీళ్ళు: పిట్టలకు మట్టి మూకుట్లో నీళ్ళు పెట్టించండి. పొద్దున ఒక గీత, సాయంత్రం ఒక గీత గీయమనండి. నీళ్ళు ఎక్కడికి పోయాయని పిల్లలే అడుగుతారు. ఎండకు ఆవిరై పోయాయని చెప్పండి, మన ఒంట్లో నీళ్ళు కూడా చెమటై ఇలాగే పోతాయని కలపండి. “అందుకే నీళ్ళు తాగాలి” అని మీరు చెప్పక ముందే ఒకడు అంటాడు.

రెండో వారం, పండ్లు, గింజలు: మామిడి టెంక, చింతగింజ, వేపగింజ డబ్బాల్లో నాటించండి. ఏది ముందు మొలుస్తుందో పందెం. తాటి ముంజలు, ఈత పండ్లు, మామిడి పండు రుచులు కళ్ళు మూసి చెప్పే ఆట.

మూడో వారం, చీర: గద్వాలలోనో, తెలిసినవాళ్ళ ఊర్లోనో మగ్గం ఉంటే అడిగి చూపించండి. పడుగు, పేక, అంచు, కొంగు అనే మాటలు నేర్పండి. ఇంటికి వచ్చి రంగు కాగితపు పట్టీలతో చాప అల్లించండి.

నాలుగో వారం, కథలు: అవ్వలు, తాతలు చిన్నప్పటి ఊరు గురించి చెప్పాలి. నీళ్ళకు ఎంత దూరం పోయేవారు, ఏమి తినేవారు. పిల్లలు ఆ కథకు బొగ్గుతో బండ మీద బొమ్మ గీయాలి.

అయిదో వారం, మన ఒళ్ళు: బొమ్మకు కట్టు కట్టే ఆట, పళ్ళు తోమే ఆట, చేతులు సబ్బుతో ఇరవై అంకెలు లెక్కపెట్టే వరకు కడిగే ఆట. సూదికి భయపడే పిల్లలు బొమ్మకు సూది వేసి ధైర్యం తెచ్చుకుంటారు. వార్డులో ఇది మా పాత ఉపాయం.

ఆరో వారం, బడికి సిద్ధం: పొద్దున తొందరగా లేవడం, సొంతంగా గుండీలు పెట్టుకోవడం, తన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఊరి పేరు గట్టిగా చెప్పడం. తప్పిపోయిన పిల్లను ఇల్లు చేర్చేది ఆ మూడు మాటలే.

ఇవి గుర్తుంచుకోండి

ఎండ దెబ్బ: 2015 మే నెలలో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి 2 వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. పిల్లలు “దాహం” అని అడిగే వరకు ఆగకండి, గంటకొకసారి కొంచెం నీళ్ళో, మజ్జిగో తాగించండి. ఆరు నెలలలోపు బిడ్డకు ఎండాకాలంలో కూడా తల్లిపాలే చాలు, నీళ్ళు పోయవద్దు, పాలు ఎక్కువసార్లు పట్టండి. పిల్ల ఒళ్ళు కాలిపోతూ, మగతగా ఉన్నా, ఫిట్సు వచ్చినా వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయకండి. 108కి ఫోను చేయండి.

విరేచనాలు: ఒక ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్ళలో పూర్తిగా కలపాలి. సగం ప్యాకెట్టు, గ్లాసు నీళ్ళు అని అంచనాతో కలపవద్దు. కలిపిన నీళ్ళు ఒక్క రోజే వాడాలి.

నీళ్ళలో పడితే: తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు, తలకిందులు చేయవద్దు. చదునైన చోట పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే ముందు నోటితో ఊపిరి ఊదండి. తరువాత రొమ్ము మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊపిరి ఊదడం. 108 వచ్చేవరకు ఆపకండి. ఇది చదివితే రాదు, చేసి చూస్తేనే వస్తుంది. మన ఆసుపత్రికి వచ్చినప్పుడు నర్సులను అడగండి, బొమ్మ మీద చేయించి చూపిస్తారు. తల్లులే కాదు, అవ్వలు, ఆటో డ్రైవర్లు, పెద్ద పిల్లలు కూడా నేర్చుకోండి.

చివరి మాట

ఈ పని మొదలుపెట్టడానికి డబ్బు పెద్దగా అక్కర లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అయిదుగురు తల్లులు ఒక్క పది నిమిషాలు ఆగి మాట్లాడుకోండి. ఎవరి వసారా, ఎవరి వంతు ఏ రోజు, అవ్వకు తోడు ఎవరు అని తేల్చుకోండి. సంఘం బయటి ఇళ్ళవాళ్ళను కూడా పిలవండి. గుంతకు మన బిడ్డ, వారి బిడ్డ అనే తేడా లేదు. ఇంటి దగ్గర మట్టి గుంత ఉంటే సెలవులు మొదలయ్యే లోపు పూడ్చండి, లేదా చుట్టూ కంప వేయండి.

జూన్‌లో బడి తెరిచిన రోజు మన వీధి పిల్లలందరూ సంచి తగిలించుకుని, తలలు లెక్కపెడితే ఒక్కటి కూడా తగ్గకుండా వరుసగా పోవాలి. ఈ వేసవికి మేము కోరుకునేది అదే.